ట్యాబ్లెట్ నుంచి తిరిగి ల్యాప్‌టాప్‌కు: చేసిన పని చేజారకుండా మారే పద్ధతి

ట్యాబ్లెట్‌ను ప్రధాన కంప్యూటరుగా వాడుతూ తిరిగి ల్యాప్‌టాప్‌కు మారాలనుకునేవారు సాధారణంగా ఏ ల్యాప్‌టాప్ కొనాలన్న ప్రశ్నతో మొదలుపెడతారు. ఆ ప్రశ్న అవసరమే గాని, దానికంటే ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది: ఇంతకాలం చేసిన పని అంతా ఇప్పుడు ఎక్కడ ఉంది? ల్యాప్‌టాప్‌లో ఒక పత్రం ఫలానా ఫోల్డరులో ఉందని చూపించగలం, దాన్ని మనకు నచ్చిన ప్రోగ్రాముతో తెరవగలం. ట్యాబ్లెట్‌లో మాత్రం సాధారణంగా ప్రతి యాప్ తన ఫైళ్ళను తన అధీనంలోనే విడిగా దాచుకుంటుంది. ఒక యాప్ దాచినది మరో యాప్‌కు తనంత తానుగా కనిపించదు. భద్రత కోసమే అలా రూపొందించారు. అయితే యాప్‌ను తీసివేస్తే, అది పరికరంలో మాత్రమే దాచిన పత్రాలు కూడా దానితోపాటే పోతాయి. ఐప్యాడ్‌కు 2017లో ఫైల్స్ యాప్ వచ్చింది, 2019లో ఐప్యాడ్‌ను నడిపే వ్యవస్థ ఐప్యాడ్‌ఓఎస్‌తో బయటి డ్రైవులను తగిలించుకునే వీలు కలిగింది. అయినా చేతిరాత నోట్సు, చిత్రలేఖనం వంటి వాటికి వాడే యాప్‌లు అనేకం ఇప్పటికీ అన్నిటినీ తమ సొంత భాండాగారంలోనే ఉంచుకుంటాయి. కాబట్టి ఈ మార్పులో అసలు శ్రమ కొత్త యంత్రాన్ని ఎంచుకోవడంలో లేదు, యాప్‌ల లోపల ఉండిపోయిన పనిని ఫైళ్ళ రూపంలో బయటికి తెచ్చుకోవడంలో ఉంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను.

అసలు మారడం అవసరమా అన్నది కూడా ఒకసారి నిజాయతీగా పరిశీలించుకోవడం మంచిది. ట్యాబ్లెట్లు ఉన్నచోట ఉండిపోలేదు. ఐప్యాడ్‌లో మౌస్, టచ్‌ప్యాడ్ వాడకం 2020 మార్చిలో పూర్తిస్థాయిలో వచ్చింది, 2022లో పలు విండోలను ఒకేసారి తెరచి ఉంచే స్టేజ్ మేనేజర్ వచ్చింది, 2025లో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 26లో విండోలను మనకు కావలసిన పరిమాణంలో అమర్చుకునే వెసులుబాటు కలిగింది. ఒక వారం పాటు, ట్యాబ్లెట్‌లో పని ఆగిపోయిన ప్రతిసారీ కారణాన్ని ఒక కాగితం మీద రాసి ఉంచండి. టైపు చేయడమే ఇబ్బంది అని తేలితే మంచి కీబోర్డు ఒకటి కొంటే సరిపోతుంది, ఇంత తరలింపు అక్కర్లేదు. పెద్ద స్ప్రెడ్‌షీట్లు, వందల పేజీల పత్రాలు, ప్రోగ్రాములు రాయడం, ట్యాబ్లెట్‌లో దొరకని వృత్తి సంబంధమైన సాఫ్ట్‌వేరు, ఒకేసారి నాలుగైదు పత్రాలను పక్కపక్కన పెట్టుకోవలసిన అవసరం వంటివి ఆ కాగితంలో పదేపదే కనిపిస్తే మాత్రం ల్యాప్‌టాప్‌కు మారడమే సరైన నిర్ణయం.

కొనడానికి ముందు చేయవలసిన లెక్క

ట్యాబ్లెట్‌లో ఉన్న యాప్‌లన్నిటినీ ఒక్కొక్కటిగా తెరచి, ప్రతి దాని ఎదుటా మూడు విషయాలు రాసుకోండి: ఇందులో నేను తయారుచేసినది ఏమైనా ఉందా, అది పరికరంలో ఉందా లేక క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లోని నిల్వలో, ఉందా, దాన్ని ఏ రూపంలో బయటికి ఎగుమతి చేయవచ్చు. ఈ పని విసుగ్గానే ఉంటుంది, కాని దీన్ని దాటవేయకండి. ఫలానా యాప్‌లో ఉందన్న సంగతే గుర్తులేకపోతే ఆ పని పోవచ్చు.

పత్రాలతో పెద్ద చిక్కు ఉండదు. గూగుల్ డాక్స్ లేదా మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఖాతాతో చేసిన పని ల్యాప్‌టాప్‌లో అదే ఖాతాతో ప్రవేశించగానే కనిపిస్తుంది. ఆపిల్ వారి పేజెస్, నంబర్స్, కీనోట్‌లలో చేసిన వాటిని, కొత్త ల్యాప్‌టాప్ మ్యాక్ కాకపోతే, వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ రూపాల్లోకి ఎగుమతి చేసుకోవాలి. మార్పిడిలో ఫాంట్లు, పట్టికల అమరిక, కొన్ని సూత్రాలు చెదిరే అవకాశం ఉంటుంది కాబట్టి ముఖ్యమైన పత్రాలకు పీడీఎఫ్ ప్రతి కూడా ఒకటి తీసి ఉంచండి. అసలు ఎలా ఉండేదో సరిచూసుకోవడానికి అది పనికివస్తుంది. ఐక్లౌడ్ వెబ్‌సైటులో ఈ మూడు యాప్‌లూ ఏ కంప్యూటరు బ్రౌజరులోనైనా తెరుచుకుంటాయన్నది గుర్తుపెట్టుకోదగ్గ విషయం.

చేతిరాత నోట్సు దగ్గర మరింత జాగ్రత్త కావాలి. దాదాపు ప్రతి నోట్సు యాప్ పీడీఎఫ్‌గా ఎగుమతి చేస్తుంది గాని, పీడీఎఫ్‌గా మారిన తరువాత గీతలను విడిగా చెరిపి దిద్దడం సాధ్యం కాకపోవచ్చు, యాప్ లోపల చేతిరాతను వెతికిపెట్టిన సౌకర్యం పోవచ్చు, రాతతోపాటు రికార్డయిన ఉపన్యాసపు ధ్వని ఆ పీడీఎఫ్‌లోకి రాదు. అందువల్ల పీడీఎఫ్‌తోపాటు యాప్ సొంత రూపంలోని ఫైలునూ, ధ్వనినీ విడివిడిగా ఎగుమతి చేసి మూడింటినీ ఒకే ఫోల్డరులో పెట్టండి. బొమ్మల విషయంలోనూ ఇదే సూత్రం. ఉదాహరణకు ప్రొక్రియేట్ అనే చిత్రలేఖన యాప్ విండోస్‌లో గాని మ్యాక్‌లో గాని లేదు. దానిలోని చిత్రాన్ని పీఎన్‌జీగా తీస్తే ఒకదానిపై ఒకటిగా విడివిడిగా గీసిన పొరలన్నీ కలిసిపోయి ఒక్క బొమ్మ మిగులుతుంది, పీఎస్‌డీగా తీస్తే పొరలు నిలిచి ఫోటోషాప్‌లోనూ మరికొన్ని ప్రోగ్రాములలోనూ మళ్ళీ దిద్దుకోవచ్చు. గీస్తున్న క్రమాన్ని చూపే వీడియోను వేరుగా ఎగుమతి చేయాలి.

ఫోటోల దగ్గర మోసపోవడానికి అవకాశం ఎక్కువ. పరికరంలో స్థలం ఆదా చేసే ఎంపికను ఎప్పుడో ఆన్ చేసి ఉంటే, ట్యాబ్లెట్‌లో కనిపిస్తున్నవి చిన్న ప్రతులు మాత్రమే. అసలు ఫోటోలు క్లౌడ్‌లో ఉంటాయి. కేబుల్ తగిలించి కాపీ చేసినంత మాత్రాన అవి రావు. అటువంటప్పుడు ఐక్లౌడ్ నుంచి గాని గూగుల్ ఫోటోస్ నుంచి గాని నేరుగా ల్యాప్‌టాప్‌లోకి దించుకోవాలి. గూగుల్ ఖాతాలోని సమస్తాన్నీ ఒకేసారి దించుకోవడానికి టేకవుట్ అనే సదుపాయం ఉంది. ఆపిల్ పరికరాలు 2017 నుంచి ఫోటోలను హెచ్‌ఈఐసీ రూపంలో దాస్తున్నాయి. విండోస్‌లో అవి తెరుచుకోకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి దానికి సంబంధించిన పొడిగింపులను వేసుకోవాలి, లేదా ఐప్యాడ్ సెట్టింగ్‌లలోని ఫోటోల విభాగంలో, కంప్యూటరుకు పంపేటప్పుడు అనువైన రూపంలోకి మార్చే ఎంపికను పెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటి: క్లౌడ్‌తో అనుసంధానమై ఉన్న ఫోటోను, ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసింది కదా అని ట్యాబ్లెట్‌లో తుడిచేస్తే అది క్లౌడ్‌లోనూ, ఆ ఖాతా ఉన్న ప్రతి పరికరంలోనూ తుడిచిపెట్టుకుపోతుంది. తరలింపు పూర్తయ్యేదాకా ఎక్కడా ఏదీ తుడవకండి.

ఇక పాస్‌వర్డులు, వాటితోపాటు ఖాతాలు అడిగే రెండంచెల ధ్రువీకరణ సంకేతాలు. జనం ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. మీ ఖాతాలకు ఆరు అంకెల సంకేతాలిచ్చే యాప్ ట్యాబ్లెట్‌లో మాత్రమే ఉన్నట్లయితే, ట్యాబ్లెట్‌ను ఖాళీ చేసిన నాడు ఆ ఖాతాల తలుపులు మూసుకుపోతాయి. ముందుగా ఆ సంకేతాల యాప్‌ను ఫోన్‌కు మార్చుకోండి. గూగుల్ ఆథెంటికేటర్‌లో ఖాతాలను క్యూఆర్ కోడ్ ద్వారా మరో పరికరానికి పంపే వీలుంది, 2023 నుంచి గూగుల్ ఖాతాతో అనుసంధానం కూడా ఉంది. తరువాత ముఖ్యమైన ప్రతి ఖాతాలోనూ అత్యవసర బ్యాకప్ సంకేతాలను తీసుకుని కాగితం మీద రాసి భద్రపరచండి. పాస్‌వర్డులు ఐక్లౌడ్‌లో ఉంటే, విండోస్ కోసం ఆపిల్ ఇచ్చే ఐక్లౌడ్ ప్రోగ్రాము ద్వారా అవి బ్రౌజరులోకి వస్తాయి. క్రోమ్‌లో ఉంటే గూగుల్ ఖాతాతో ప్రవేశించడమే చాలు. పాస్‌వర్డుల పట్టికను ఒక ఫైలుగా ఎగుమతి చేసినట్లయితే, ఆ ఫైలులో అన్నీ బాహాటంగా కనిపిస్తాయన్నది మరవకుండా, కొత్త చోట చేర్చిన వెంటనే దాన్ని రీసైకిల్ బిన్‌లో నుంచి కూడా తొలగించండి.

చందాల సంగతి క్లుప్తంగా చెబుతాను. యాప్ స్టోర్ ద్వారా కట్టిన చందా కొన్ని సేవలలో ల్యాప్‌టాప్‌లోనూ చెల్లుతుంది, కొన్నింటిలో ట్యాబ్లెట్‌కే పరిమితం. ల్యాప్‌టాప్‌లో పరీక్షించి చూశాకే పాతదాన్ని రద్దు చేయండి. యాప్‌ను తీసివేసినంత మాత్రాన చందా ఆగదు.

ఎటువంటి ల్యాప్‌టాప్

పై లెక్క పూర్తయితే ఎంపిక చాలా సులువవుతుంది, ఎందుకంటే ఎంత నిల్వ కావాలో, ఏ సాఫ్ట్‌వేరు కావాలో అప్పటికే మీకు తెలిసి ఉంటుంది. ట్యాబ్లెట్ నుంచి వచ్చేవారు ర్యామ్‌ను, అంటే తెరిచిన ప్రోగ్రాములు వాడుకునే తాత్కాలిక జ్ఞాపకశక్తిని, తక్కువగా అంచనా వేస్తారు. ట్యాబ్లెట్ వెనుక ఉన్న యాప్‌లను చాలావరకు నిద్రపుచ్చుతుంది, ల్యాప్‌టాప్ తెరిచినవన్నీ నడుపుతూనే ఉంటుంది. అందువల్ల కొన్నేళ్ళపాటు వాడదలచిన యంత్రంలో 16 జీబీ ఉండడం మేలని నా అభిప్రాయం. 8 జీబీ రాతపనికీ బ్రౌజింగుకూ సరిపోతుంది గాని, ఇప్పటి పలుచని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి తరువాత పెంచుకోవడం కుదరదు. నిల్వ ఎస్‌ఎస్‌డీగా (తిరిగే డిస్కు లేని వేగవంతమైన నిల్వ) ఉండాలి, ట్యాబ్లెట్‌లో వాడుతున్న దానికి కనీసం రెట్టింపు ఉండాలి.

తెర విషయంలో రాజీ పడకండి. ఐప్యాడ్‌లలో చాలావాటికి అంగుళానికి 264 పిక్సెళ్ళు ఉంటాయి. 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో 1920 అడ్డం, 1080 నిలువు పిక్సెళ్ళ తెరకు సుమారు 157 మాత్రమే వస్తాయి. తెలుగు వంటి ఒత్తులు, గుణింతాలున్న లిపిని రోజంతా చదివేవారికి ఆ తేడా కళ్ళకు స్పష్టంగా తెలుస్తుంది. వీలైతే అంతకంటే ఎక్కువ పిక్సెళ్ళున్న తెరనూ, పొడవాటి పత్రాలకు అనువైన 16:10 నిష్పత్తినీ ఎంచుకోండి. పెన్నుతో రాసే అలవాటు మానలేనివారు తెర వెనక్కి తిరిగే టచ్ ల్యాప్‌టాప్ చూడవచ్చు, కాని ట్యాబ్లెట్ చేతిలో ఉండగా ఆ సౌకర్యానికి ఎక్కువ ఖర్చు పెట్టనవసరం లేదని నేను అనుకుంటాను.

పాత యంత్రం కొనేవారు ఒక తేదీని గుర్తుంచుకోవాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 భద్రతా చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ ఉండాలి. అంతకంటే పాత యంత్రం ఎంత బాగున్నా ప్రధాన కంప్యూటరుగా తీసుకోవద్దు. గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్ అయిన క్రోమ్‌బుక్ అయితే ఆ మోడలుకు నవీకరణలు ఏ తేదీ వరకు వస్తాయో సెట్టింగ్‌లలో కనిపిస్తుంది, అది చూసి కొనండి. ట్యాబ్లెట్ మాదిరి చల్లగా, ఎక్కువసేపు ఛార్జింగు నిలిచే యంత్రం కావాలనుకునేవారికి ట్యాబ్లెట్లలో వాడే తరహా ఆర్మ్ ప్రాసెసర్లు నచ్చుతాయి: ఆపిల్ 2020లో ఎమ్1తో ఆ బాట పట్టింది, విండోస్‌లో 2024 నుంచి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ యంత్రాలు వచ్చాయి. విండోస్ ఆర్మ్ యంత్రం తీసుకునేటప్పుడు మీ ప్రింటరుకూ స్కానరుకూ తగిన డ్రైవర్లు (వాటిని నడిపించే సాఫ్ట్‌వేరు) ఉన్నాయో లేదో ముందే తెలుసుకోండి.

తరలింపు

నా సలహా సూటిగా చెప్పాలంటే, క్లౌడ్ ఒక్కదాని మీదే ఆధారపడకుండా బయటి డ్రైవు ఒకటి మధ్యలో పెట్టుకోండి. యూఎస్‌బీ-సీ డ్రైవును ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్ళ అమరిక పద్ధతిలో ఫార్మాట్ చేస్తే ఐప్యాడ్, విండోస్, మ్యాక్ మూడింటిలోనూ చదవడం, రాయడం కుదురుతుంది. పాత పద్ధతి అయిన ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి పెద్ద వీడియోలు ఆగిపోతాయి. ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్‌ను కేబుల్‌తో కలిపి, నోటిఫికేషన్‌లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుంటే విండోస్‌లో దాని ఫోల్డర్లు కనిపిస్తాయి. ఐప్యాడ్‌ను విండోస్‌కు కలిపితే ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించేవి ఫోటోలూ వీడియోలూ మాత్రమే. మిగిలినవి రాలేదని కంగారుపడనక్కర్లేదు, అవి యాప్‌ల నుంచి ఎగుమతి కావలసినవి.

ల్యాప్‌టాప్‌లో మొదటే ఒక స్పష్టమైన ఫోల్డరు క్రమం వేసుకోండి. యాప్ పేరుతో ఫోల్డర్లు పెట్టడం కంటే పని పేరుతో, సంవత్సరంతో పెట్టడం మేలు, ఎందుకంటే యాప్‌లు మారిపోతాయి, పని ఉంటుంది. కాపీ అయిన తరువాత రెండువైపులా ఫైళ్ళ సంఖ్యనూ మొత్తం పరిమాణాన్నీ పోల్చండి. ఆపైన ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్‌ను ఆపివేసి, ప్రతి ఫోల్డరులో కొన్ని ఫైళ్ళను తెరచి చూడండి. క్లౌడ్ సేవలు ఫైలు పేరును మాత్రం చూపించి అసలును తెరిచినప్పుడు దించుకునే పద్ధతి పాటిస్తాయి. ఇంటర్నెట్ లేకుండా తెరుచుకున్న ఫైలే నిజంగా మీ యంత్రంలో ఉన్న ఫైలు.

ఇప్పుడు బాధ్యత మీది

ట్యాబ్లెట్ మనకు తెలియకుండానే అనేక పనులు చేసిపెట్టేది. ల్యాప్‌టాప్‌లో వాటిలో కొన్నింటిని మనమే చూసుకోవాలి. మొదటి రోజునే నవీకరణలన్నీ వేయండి. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ముందే ఉంటుంది, సాధారణ వాడకానికి వేరే యాంటీవైరస్ కొనవలసిన పని లేదు. ప్రోగ్రాములను తయారీదారుల సొంత వెబ్‌సైటు నుంచి గాని అధికారిక స్టోర్ నుంచి గాని మాత్రమే దించుకోండి. ట్యాబ్లెట్‌లో యాప్‌లు సాధారణంగా స్టోర్ నుంచే రావడం వల్ల కలిగిన ధీమా ఇక్కడ పనికిరాదు.

డిస్కులోని సమాచారాన్ని ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే (సంకేతీకరించే) ఏర్పాటు, అంటే విండోస్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్, ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉంటే దాని రికవరీ కీ ఎక్కడ భద్రమై ఉందో తెలుసుకుని మరోచోట రాసి పెట్టండి. ఆ 48 అంకెల కీ లేకపోతే, బిట్‌లాకర్ దాన్ని అడిగిన రోజున డిస్కులోని సమాచారం మీకూ అందదు.

వన్‌డ్రైవ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. విండోస్ 11ను కొత్తగా అమర్చేటప్పుడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ కిందికి వెళ్ళే ఏర్పాటు జరగవచ్చు. ఉచిత నిల్వ 5 జీబీయే కాబట్టి మీరు తెచ్చిన ఫోటోలతో అది వెంటనే నిండిపోతుంది. ఆ ఏర్పాటు కావాలో వద్దో ఫైళ్ళు చేర్చకముందే వన్‌డ్రైవ్ సెట్టింగ్‌లలో నిర్ణయించుకోండి. ఏది ఎంచుకున్నా, అనుసంధానం (సింక్) బ్యాకప్ కాదన్నది మనసులో ఉంచుకోవాలి: ఒకచోట పొరపాటున తుడిస్తే అన్నిచోట్లా పోతుంది. వేరే బ్యాకప్ కోసం విండోస్‌లో ఫైల్ హిస్టరీ, మ్యాక్‌లో టైమ్ మెషీన్ ఉన్నాయి. తరలింపునకు వాడిన డ్రైవును అలాగే భద్రపరచి, బ్యాకప్ కోసం మరొకటి కేటాయించగలిగితే చాలా మంచిది.

చేతుల అలవాటు

మొదటి రోజుల్లో చేయి తెర మీదికి పోవడం సహజం. దాన్ని మాన్పించేవి కీబోర్డు దారులే. ఐప్యాడ్ కీబోర్డులో కమాండ్ కీతో చేసిన కాపీ, పేస్ట్, వెతకడం వంటివి విండోస్‌లో కంట్రోల్ కీతో అవుతాయి. ఆల్ట్, ట్యాబ్ కలిపి నొక్కితే ప్రోగ్రాముల మధ్య మారవచ్చు. విండోస్ కీతో ఎడమ లేదా కుడి బాణం నొక్కితే విండో సగం తెరలో కుదురుకుంటుంది. విండోస్ కీతో వీ నొక్కి ఆ సదుపాయాన్ని ఒకసారి ఆన్ చేసుకుంటే, ఆ తరువాత కాపీ చేసినవి అక్కడ కనిపిస్తాయి. ఈ మూడూ వంటబడితే ల్యాప్‌టాప్‌కు ఎందుకు వచ్చారో మీకే అనుభవంలోకి వస్తుంది.

తెలుగు టైపింగ్ కూడా మొదటే అమర్చుకోండి. విండోస్‌లో భారతీయ భాషలకు రూపొందించిన ప్రామాణిక కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఎప్పటినుంచో ఉంది. 2019లో వచ్చిన నవీకరణతో ఇంగ్లిష్ అక్షరాల ఉచ్చారణను బట్టి టైపు చేసే ఫొనెటిక్ కీబోర్డు కూడా చేరింది. భాషల సెట్టింగ్‌లలో తెలుగును చేర్చి, విండోస్ కీతో స్పేస్ నొక్కి భాషలు మార్చుకోవచ్చు. ట్యాబ్లెట్‌లో పదాలు సూచించే కీబోర్డుకు అలవాటుపడినవారికి ఫొనెటిక్ తొందరగా వస్తుంది, ఎక్కువగా రాసేవారు మాత్రం ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడానికి కొంత కాలం వెచ్చించడం లాభసాటి.

ల్యాప్‌టాప్ తెర కళ్ళకంటే బాగా కిందికి ఉంటుంది కాబట్టి ఎక్కువసేపు పనిచేసేవారు దాన్ని ఎత్తుమీద పెట్టి, వేరే కీబోర్డు, మౌస్ వాడడం మెడకు మంచిది.

ట్యాబ్లెట్‌ను ఏం చేయాలి

కనీసం నెల రోజులు దాన్ని ఉన్నది ఉన్నట్లుగా ఉంచండి. మరచిపోయిన ఫైలు ఏదైనా ఉంటే ఆ నెలలోనే బయటపడుతుంది. ఆ తరువాత కూడా అది చదువుకోవడానికి, పత్రాల మీద పెన్నుతో దిద్దడానికి ల్యాప్‌టాప్ కంటే హాయిగా ఉంటుంది. మ్యాక్ ఉన్నవారు సైడ్‌కార్‌తో ఐప్యాడ్‌ను రెండో తెరగా వాడుకోవచ్చు. విండోస్‌తో అదే పని చేయడానికి స్పేస్‌డెస్క్ వంటి ప్రోగ్రాములున్నాయి.

వేరొకరికి ఇచ్చేయాలనుకుంటే క్రమం తప్పకూడదు. ముందు సంకేతాల యాప్ ఫోన్‌లో పనిచేస్తోందని ఏదో ఒక ఖాతాలోకి నిజంగా ప్రవేశించి నిర్ధారించుకోండి. ఐప్యాడ్ అయితే పోయిన పరికరాన్ని వెతికిపెట్టే ఫైండ్ మైను ఆపి ఆపిల్ ఖాతా నుంచి బయటికి రండి. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్‌లలో గూగుల్ ఖాతాను తొలగించండి. ఇది చేయకుండా రీసెట్ చేస్తే తీసుకున్నవారిని ఆ పరికరం మీ పాస్‌వర్డు అడుగుతూ ఆగిపోవచ్చు. ఆ తరువాతే సెట్టింగ్‌లలోని రీసెట్ విభాగం నుంచి మొత్తం తుడిచివేయండి. ఫోటోలను ఒక్కొక్కటిగా తుడవడం వద్దు, అది క్లౌడ్‌లోని ప్రతులనూ తీసేస్తుంది. పరికరం మొత్తాన్ని రీసెట్ చేస్తే క్లౌడ్‌లో ఉన్నవి చెక్కుచెదరవు. చివరగా ల్యాప్‌టాప్ నుంచి మీ ఖాతాల్లోని పరికరాల జాబితా తెరచి, పాత ట్యాబ్లెట్ పేరు ఇంకా కనిపిస్తుంటే దాన్ని తొలగించండి.